టవర్ ఖాళీగా ఉన్నా కళ్లెమే

అమెరికాలో వినియోగదారుల తరఫున పనిచేసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014 అక్టోబర్ 28న ఏటీ అండ్ టీ మొబిలిటీ మీద కోర్టుకెక్కింది. అన్‌లిమిటెడ్ డేటా అని చెప్పి ప్లాన్లు అమ్మిన ఈ కంపెనీ, ఆ ప్లాన్లలోనే ఉన్న 35 లక్షల మందికి రెండున్నర కోట్లకు పైగా సార్లు నెట్ స్పీడ్‌ను కావాలనే తగ్గించిందనీ, చాలా సందర్భాల్లో ఆ కోత 80 నుంచి 90 శాతం దాకా ఉందనీ కమిషన్ ఆరోపణ. ఈ పనికి టెలికాం వాళ్లు పెట్టుకున్న పేరు థ్రాట్లింగ్. డేటా ఆగిపోదు, వస్తూనే ఉంటుంది. కానీ దారి చూపాల్సిన మ్యాప్ తెరుచుకోదు, వీడియో గిరగిరా తిరుగుతూ అక్కడే ఉంటుంది. నెల బిల్లు మాత్రం పైసా తగ్గదు. ఈ కేసు అయిదేళ్లు నడిచింది, రాజీతో ముగిసింది, చాలామంది మరచిపోయారు కూడా. అయినా మొబైల్ కంపెనీలు డేటాను ఎందుకు నెమ్మదింపజేస్తాయి, ఏది అవసరం కొద్దీ చేస్తాయి, ఏది వ్యాపారం కొద్దీ చేస్తాయి అన్నది విడదీసి చూడటానికి ఇంతకన్నా మంచి కేసు దొరకదు. స్పీడ్ తగ్గించడమే నేరమని నేను అనడం లేదు. నెట్‌వర్క్ రద్దీని తగ్గించే పనిముట్టుగా లోకానికి చూపించిన ఆ కళ్లెం, నిజానికి ధర పెంచే పనిముట్టుగా వాడుకలోకి వచ్చిందనీ, తగవంతా అక్కడే ఉందనీ అంటున్నాను.

2007లో ఐఫోన్ వచ్చింది. అమెరికాలో దాన్ని అమ్మే అవకాశం మొదట్లో ఏటీ అండ్ టీ ఒక్కదానికే దక్కింది. జనాన్ని రప్పించడానికి కంపెనీ అన్‌లిమిటెడ్ డేటా ఆశ చూపింది. 3జీ ఐఫోన్ వచ్చిన 2008లో దాని ధర నెలకు 30 డాలర్లు. అప్పట్లో ఫోన్‌లో జనం మెయిల్ చూసుకునేవారు, నాలుగు వెబ్ పేజీలు తిరగేసేవారు. ఎంత వాడినా కంపెనీకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. యాప్‌లు, వీడియోలు వచ్చిపడ్డాక లెక్క తారుమారైంది. 2007 నుంచి 2010 వరకు తన నెట్‌వర్క్‌లో మొబైల్ డేటా 8,000 శాతం పెరిగిందని కంపెనీయే చెప్పుకుంది. 2010 జూన్‌లో కొత్తవాళ్లకు అన్‌లిమిటెడ్ అమ్మడం ఆపేసి, 200 ఎంబీకి 15 డాలర్లు, 2 జీబీకి 25 డాలర్లు అంటూ కొలత ప్లాన్లు తెచ్చింది. పాత కస్టమర్లను మాత్రం పాత ప్లాన్‌లోనే ఉండనిచ్చింది. ఇది ఔదార్యం అనుకోనక్కర్లేదు. 2011 ఫిబ్రవరికల్లా పోటీ కంపెనీ వెరైజాన్ కూడా ఐఫోన్ అమ్మడం మొదలుపెట్టింది. అన్‌లిమిటెడ్ లాగేసుకుంటే వాళ్లంతా అటు నడిచిపోతారు. ఉంచుకోవాలి, కానీ భరించకూడదు. ఈ ఇరకాటంలోంచి పుట్టిందే థ్రాట్లింగ్. 2011 అక్టోబర్‌లో అన్‌లిమిటెడ్ కస్టమర్లలో బాగా ఎక్కువ వాడే 5 శాతం మందితో అది మొదలైంది. 2012 మార్చిలో కంపెనీ గీతను అంకెల్లో చెప్పింది: 3జీ ఫోన్‌కు నెలకు 3 జీబీ, 4జీ ఎల్‌టీఈ ఫోన్‌కు 5 జీబీ. దాటితే ఆ బిల్లు నెల ముగిసేదాకా నెమ్మదే.

కంపెనీ సమర్థనలో నిజం లేకపోలేదు. ముందు దానికి దక్కాల్సిన మర్యాద దానికివ్వాలి. గాలిలో డేటా ప్రయాణించే స్పెక్ట్రమ్‌ను ప్రభుత్వం వేలం వేస్తుంది. డబ్బున్నా అడిగినంత దొరకదు. ఒక టవర్ చుట్టూ ఉన్న ప్రాంతాన్ని కొన్ని భాగాలుగా విడగొడతారు. ఒక భాగంలో ఉన్న ఫోన్లన్నీ అక్కడున్న సామర్థ్యాన్నే పంచుకోవాలి. 4జీలో టవర్ వెయ్యో వంతు సెకనుకొకసారి ఎవరికెంత అని వాటాలు వేస్తూ ఉంటుంది. సిగ్నల్ సరిగా అందని చోట ఉన్న ఫోన్ అదే వీడియోకు ఎక్కువ వాటా తినేస్తుంది. సాయంత్రం ఏడింటికి అందరూ ఒక్కసారి వీడియోలు తెరిస్తే వాటాలు సన్నబడి అందరికీ నెట్ మందగిస్తుంది. కాబట్టి రద్దీ అన్నది ఉత్త సాకు కాదు. కానీ అది ఒక చోట, ఒక వేళ ఉండే సంగతి. తెల్లవారుజామున మూడింటికి ఖాళీగా ఉన్న టవర్ కింద ఒకడు ఎంత డేటా లాక్కున్నా పక్కవాడి వాటా తరగదు, కంపెనీకి అదనంగా పడే ఖర్చు లెక్కలోకి రాదు. అంటే రద్దీకి విరుగుడు కూడా రద్దీ ఉన్న చోట, రద్దీ ఉన్నంతసేపే ఉండాలి. ‘ఫుల్ మీల్స్’ బోర్డు పెట్టిన హోటల్లో హాలు కిటకిటలాడుతుంటే మారు వడ్డనకు కాసేపు ఆగమనడం న్యాయం. హాలంతా ఖాళీగా ఉన్నా, నువ్వు ఈ నెలలో ఇప్పటికే ఎక్కువ తిన్నావు గనక నెలాఖరు దాకా నీకు మెతుకు మెతుకే వడ్డిస్తాననడం వేరే పని.

ఏటీ అండ్ టీ చేసింది ఈ రెండో పని అన్నదే కమిషన్ ఫిర్యాదు సారాంశం. గీత దాటిన కస్టమర్‌కు ఆ టవర్ దగ్గర రద్దీ ఉందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా స్పీడ్ తగ్గిపోయేది. కొందరికి నెలకు 2 జీబీ వాడకానికే కోత పడింది. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఇంకొకటి ఉంది. కొలత ప్లాన్‌లో ఉన్నవాడు ఎంత వాడినా కంపెనీ స్పీడ్ తగ్గించేది కాదు, ఎందుకంటే గీత దాటాక అతను ప్రతి జీబీకీ 10 డాలర్ల చొప్పున కట్టేవాడు. టవర్‌కు ఫోన్ వెనక ఉన్న ప్లాన్ పేరుతో పనిలేదు. 10 జీబీ ఎవరి ఫోన్‌లోంచి వెళ్లినా దాని మీద పడే బరువు ఒకటే. మరి ఒకడి 10 జీబీ నెట్‌వర్క్‌కు ముప్పు, మరొకడి 10 జీబీ కంపెనీకి ఆదాయం ఎలా అయ్యాయి? అంకెల్లో కూడా ఒక చిత్రం ఉంది. 2012లో కంపెనీ కొలత ప్లాన్లలో 3 జీబీ ధర 30 డాలర్లు. 3జీ ఐఫోన్ నాటి అన్‌లిమిటెడ్ ధరా 30 డాలర్లే. అన్‌లిమిటెడ్‌కు గీసిన గీతా సరిగ్గా 3 జీబీ దగ్గరే పడింది. ఆ గీతను టవర్ దగ్గర కూర్చున్న ఇంజినీర్ గీశాడో, రేట్ల పట్టిక ముందు కూర్చున్న అధికారి గీశాడో పాఠకులే ఊహించుకోవచ్చు.

అసలు వేరే దారి లేదు కదా అనేవాళ్లకు కంపెనీ చేతలే జవాబు చెప్పాయి. కేసు కోర్టులో నలుగుతుండగానే, 2015 మేలో ఏటీ అండ్ టీ తన పద్ధతి మార్చింది. గీత దాటినవాళ్లకు రద్దీగా ఉన్న టవర్ దగ్గర మాత్రమే స్పీడ్ తగ్గిస్తామంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో గీతను 5 జీబీ నుంచి 22 జీబీకి జరిపింది. నెట్‌వర్కేమీ కుప్పకూలలేదు. వెరైజాన్ కథ కూడా ఇలాంటిదే. పాత అన్‌లిమిటెడ్ కస్టమర్లకు 4జీలోనూ కోత పెడతామని 2014 జూలైలో ప్రకటించింది. అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కు అప్పటి చైర్మన్ టామ్ వీలర్ వెంటనే ఉత్తరం రాశారు. నెట్‌వర్క్ అవసరాన్ని బట్టి కాక, కస్టమర్ ప్లాన్‌ను బట్టి ఎందుకు తేడా చూపిస్తున్నారన్నది ఆయన అభ్యంతరం. అక్టోబర్ ఒకటికల్లా వెరైజాన్ ఆ ఆలోచన మానుకుంది. నెట్‌వర్క్‌కు అది నిజంగా అంత తప్పనిసరి అయితే ఒక ఉత్తరానికే వెనక్కి తగ్గేదా? ఇక ట్రాక్‌ఫోన్ సంగతి మరీ విడ్డూరం. దానికి సొంత టవర్లే లేవు; వేరే కంపెనీల నెట్‌వర్క్ అద్దెకు తీసుకుని, స్ట్రెయిట్ టాక్ వంటి పేర్లతో అన్‌లిమిటెడ్ అమ్మింది. నెలకు 1 నుంచి 3 జీబీ దాటితే స్పీడ్ తగ్గించింది, 4, 5 జీబీల దగ్గర డేటా పూర్తిగా ఆపేసిన సందర్భాలూ ఉన్నాయి. రద్దీ కాదు, ఖర్చు తగ్గించుకోవడమే దీనికి కారణమని ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2015 జనవరిలో ట్రాక్‌ఫోన్ 4 కోట్ల డాలర్లు కట్టి కేసు వదిలించుకుంది.

చెప్పే చేశాం కదా అన్నది కంపెనీల తరఫు ప్రధాన వాదన. పత్రికలకు ప్రకటన ఇచ్చాం, బిల్లులో రాశాం, కొందరికి మెసేజ్ పంపాం, ఒప్పందంలో ఆ హక్కు అట్టిపెట్టుకున్నాం అంటారు. ‘షరతులు వర్తిస్తాయి’ అన్న ముక్కకు అలవాటుపడ్డ మనకు ఈ వాదన కొత్తేమీ కాదు. కానీ ఏటీ అండ్ టీ విషయంలో ఇది నిలబడటం కష్టం. పథకం మొదలుపెట్టడానికి ముందే కంపెనీ కొందరు కస్టమర్లను కూర్చోబెట్టి అభిప్రాయం సేకరించిందని కమిషన్ ఫిర్యాదు చెబుతోంది. అన్‌లిమిటెడ్ అంటే హద్దు లేనిదేనని వాళ్లు అర్థం చేసుకున్నారు. ఈ కోత అన్యాయమన్నారు. దాని గురించి మాట్లాడేకొద్దీ వాళ్లలో అయిష్టం పెరుగుతోందని గమనించిన పరిశోధకులు, ప్రచారంలో ఈ సంగతి ఎంత తక్కువ చెబితే అంత మంచిదని కంపెనీకి సలహా ఇచ్చారు. వినేవాడు ఏమని అర్థం చేసుకుంటాడో తెలిసి, ఆ అర్థం తప్పని తెలిసి, సవరించకపోవడాన్ని తెలియజేయడం అని ఎలా అంటాం? పైగా స్పీడ్ పడిపోయిందని విసిగి మధ్యలో వదిలేసి వెళ్లినవాళ్ల దగ్గర గడువుకు ముందే మానుకున్నందుకు రుసుము కూడా వసూలు చేశారు. నచ్చకపోతే ఇంకో కంపెనీకి వెళ్లొచ్చు, పోటీయే అన్నిటికీ మందు అనేవాళ్లు ఈ రుసుమును లెక్కలోకి తీసుకోవాలి.

పూర్తిగా ఆపేయలేదు కదా, కాస్త నెమ్మదించింది అంతేగా అనేవారూ ఉన్నారు. ఈ ‘కాస్త’ను అంకెల్లో పెట్టి చూడాలి. కోత పడ్డాక మిగిలింది సెకనుకు 128 కిలోబిట్ల స్పీడ్ అనుకుంటే, ఒక్క ఎంబీ దిగడానికి నిమిషం పైన పడుతుంది. నాలుగైదు ఎంబీల ఫొటో ఒకటి పంపాలంటే అయిదు నిమిషాలు. మామూలు నాణ్యతలో వీడియో చూడాలన్నా సెకనుకు 1.5 మెగాబిట్లు కావాలి. అంటే వెబ్ పేజీ కూడా బరువెక్కిన ఈ రోజుల్లో, 90 శాతం కోత అంటే సేవ ఉన్నా లేనట్టే. ఇది సినిమాలు చూసేవాళ్ల సరదా సమస్య అనుకోకూడదు. 2018లో కాలిఫోర్నియాలో మెండొసీనో కాంప్లెక్స్ కార్చిచ్చు రేగింది. నాలుగున్నర లక్షల ఎకరాలకు పైగా కాల్చేసిన ఆ మంటలు అప్పటికి ఆ రాష్ట్ర చరిత్రలోనే అతి పెద్దవి. ఏ బండి ఎక్కడుంది, ఎవరిని ఎటు పంపాలి అని సమన్వయం చేసే శాంటా క్లారా కౌంటీ అగ్నిమాపక శాఖ వాహనానికి వెరైజాన్ అన్‌లిమిటెడ్ కనెక్షన్ ఉంది. నెలలో 25 జీబీ దాటగానే దాని స్పీడ్ రెండు వందలో వంతుకు పడిపోయింది. కళ్లెం తీయమని సిబ్బంది అడిగితే, నెలకు 39.99 డాలర్ల ప్లాన్ నుంచి 99.99 డాలర్ల ప్లాన్‌కు మారమని కంపెనీ వాళ్లు చెప్పారు. సిబ్బంది తమ సొంత ఫోన్లూ, పక్క సంస్థల కనెక్షన్లూ వాడుకుని పని గట్టెక్కించారని అగ్నిమాపక అధిపతి ఆంథనీ బోడెన్ కోర్టుకిచ్చిన ప్రమాణపత్రంలో రాశారు. అత్యవసర సేవలకు కోత ఎత్తేయడం తమ విధానమేననీ, ఇక్కడ కస్టమర్ సర్వీసులో పొరపాటు జరిగిందనీ వెరైజాన్ ఒప్పుకుంది. పొరపాటే కావచ్చు. కానీ ఆ పొరపాటు ఏ దిక్కుకు జరిగిందో గమనించాలి. రద్దీ సమస్యే అయితే, 60 డాలర్లు ఎక్కువ కట్టగానే ఆ కొండల్లో రద్దీ ఎలా తగ్గుతుంది?

నాకు అన్నిటికన్నా బరువుగా తోచే అభ్యంతరం ధర గురించినది. కొద్దిమంది విపరీతంగా వాడుతుంటే ఆ భారం మిగతావాళ్ల మీద పడుతుంది. కళ్లెం లేకపోతే అందరికీ రేట్లు పెరుగుతాయి అంటారు. నిజమే, పెరగొచ్చు. నెట్‌వర్క్ కట్టడానికి వేల కోట్లు అవుతాయి, ఆ డబ్బు ఎక్కడో ఒకచోట రావాలి. ఎక్కువ వాడేవాడు ఎక్కువ కట్టడంలో అన్యాయమేమీ లేదు. అయితే దానికి రాజమార్గం కంపెనీ చేతిలోనే ఉంది: 3 జీబీ ఇంత, 10 జీబీ ఇంత అని అమ్మడం. ట్రేడ్ కమిషన్ పెట్టిన ఈ కేసు కొలత ప్లాన్ల మీద కాదు. కస్టమర్‌ను ఆకర్షించడానికి హద్దు లేదని చెప్పి, ఖర్చు దగ్గరికొచ్చేసరికి హద్దు పెడితే, నిజాయితీగా 10 జీబీ అని చెప్పి అమ్మే పోటీదారు నష్టపోతాడు. రెండు బోర్డులు పక్కపక్కన ఉంటే జనం ఏది కొంటారో వేరే చెప్పాలా? ధరలు తక్కువగా ఉండాలన్న కోరికకు జవాబు పారదర్శకమైన ధరే అవుతుంది.

కోర్టులో ఏటీ అండ్ టీ మొదట ఈ మంచిచెడ్డల జోలికే పోలేదు. అసలు మమ్మల్ని అడిగే అధికారం నీకు లేదంది. అమెరికా చట్టం ప్రకారం టెలిఫోన్ కంపెనీల వంటి ‘కామన్ క్యారియర్లు’ ట్రేడ్ కమిషన్ పరిధిలోకి రావు. మేం ఫోన్ కంపెనీ కాబట్టి మా డేటా వ్యాపారమూ రాదు అన్నది వాదన. 2016 ఆగస్టులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టులో ముగ్గురు న్యాయమూర్తులు దీన్ని ఒప్పుకున్నారు. ఒక కంపెనీ కాస్తంత ఫోన్ వ్యాపారం పెట్టుకుంటే చాలు, మిగతా వ్యాపారాలన్నిటికీ రక్షణ కవచం దొరికేస్తుందన్నమాట. 2018 ఫిబ్రవరిలో విస్తృత ధర్మాసనం ఆ తీర్పును తిరగరాసింది. చూడాల్సింది కంపెనీ హోదాను కాదు, చేసే పనిని అంది. ఆ తరువాత 2019 నవంబర్‌లో రాజీ కుదిరింది. కంపెనీ 6 కోట్ల డాలర్లు చెల్లించాలి. స్పీడ్ మీద హద్దులుంటే చిన్నక్షరాల్లోనో, లింకు చాటునో దాచకుండా ప్రముఖంగా చెప్పాలి. 6 కోట్లను 35 లక్షల మందికి పంచితే తలకు 17 డాలర్లు. నెలకు 30 డాలర్ల చొప్పున ఏళ్ల తరబడి కట్టినవాడికి అది సగం నెల బిల్లుకు కాస్త ఎక్కువ.  ఇంత ఆలస్యంగా, ఇంత చవగ్గా తేలే శిక్షను కంపెనీలు వ్యాపార ఖర్చుల పద్దులో రాసుకుంటే తప్పు పట్టలేం.

శిక్ష కన్నా, చెప్పి తీరాలన్న షరతు వల్లే కొంత మేలు జరిగింది. ఇప్పుడు అమెరికా ప్లాన్లలో ఇన్ని జీబీల దాకా పూర్తి వేగం, ఆ తరువాత రద్దీ ఉంటే వెనక వరుస అని రాస్తున్నారు. అయితే కళ్లెం ఇంకో చోటికి మారింది. నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో డేవిడ్ చోఫ్నెస్ బృందం వెహే అనే యాప్ తయారుచేసి, దాన్ని వాడే సామాన్యుల ఫోన్ల నుంచే కొలతలు సేకరించింది. అమెరికా మొబైల్ కంపెనీలు వీడియోల స్పీడ్‌ను రద్దీ వేళల్లోనే కాక రాత్రనక పగలనక తగ్గిస్తున్నాయని 2019లో ప్రచురించింది. డీవీడీ నాణ్యత వీడియో అని ప్లాన్‌లో రాసే ఉంటుంది కదా అని కంపెనీలు అంటాయి. ఆ మాట నిజమే. ఖాళీ టవర్ దగ్గర కూడా ఎందుకన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. 2024 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు ప్రతి ప్లాన్‌కూ, ఆహార ప్యాకెట్ల మీద పోషకాల పట్టికలా, ధర, వేగం, డేటా చెప్పే లేబుల్ ఇవ్వాలి. అందులోనూ ఏ పరిస్థితిలో స్పీడ్ తగ్గిస్తారన్న సంగతి లింకు వెనకే ఉండిపోయింది.

మన దగ్గర పద్ధతి వేరు. రోజుకు ఒకటిన్నర జీబీ, 2 జీబీ అని ప్యాక్ పేరులోనే కోటా ఉంటుంది. అయిపోతే సెకనుకు 64 కిలోబిట్లు. ఆ స్పీడ్‌లో ఒక ఎంబీకి రెండు నిమిషాలు దాటుతుంది. 2023 నుంచి మన ప్రభుత్వ నిర్వచనం ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 మెగాబిట్లు. కోటా అయ్యాక మిగిలేది అందులో ముప్ఫయ్యో వంతు. అర్ధరాత్రి దాకా ఆగు, లేదా యాడ్-ఆన్ ప్యాక్ కొనుక్కో. ఇది కూడా రద్దీతో సంబంధం లేని కళ్లెమే, కానీ ఎక్కువమందికి తెలిసి ఒప్పుకున్న ధర. అందుకే దీని మీద నాకు పెద్దగా పేచీ లేదు. తలకిందుల కేసు ఒకటి 2020లో వచ్చింది. ఎక్కువ కట్టేవాళ్లకు ఎక్కువ స్పీడ్ ఇస్తామని ఎయిర్‌టెల్ ప్లాటినం పేరుతో, వొడాఫోన్ ఐడియా రెడ్ఎక్స్ పేరుతో ప్రకటించాయి. ఒకే టవర్ మీద కొందరిని ముందుకు జరిపితే మిగతావాళ్లు వెనక్కి పోరా అని మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిలదీసి, ఆ ప్లాన్లను ఆపమంది. వొడాఫోన్ ఐడియా టెలికాం వివాదాల ట్రైబ్యునల్ టీడీశాట్‌కు వెళ్లి స్టే తెచ్చుకుంది గానీ, విచారణ సాగించడానికి ట్రైబ్యునల్ ట్రాయ్‌కి అడ్డు చెప్పలేదు. ఏ కళ్లెం విషయంలోనైనా అడగాల్సింది ట్రాయ్ వేసిన ఆ ప్రశ్నే.

ఇప్పుడు అలాంటి నిలదీత అవసరమైన చోటు ‘అన్‌లిమిటెడ్ 5జీ’. జియో, ఎయిర్‌టెల్ 2024 జూలైలో రేట్లు పెంచినప్పుడు దాన్ని రోజుకు 2 జీబీ, అంతకు పైబడిన ప్లాన్లకే పరిమితం చేశాయి. ఫోన్ 5జీ టవర్‌ను పట్టుకున్నంతసేపే ఆ హద్దులేనితనం. ఊరి చివరికి వెళ్లినా, నాలుగు గోడల మధ్యకు వెళ్లినా ఫోన్ 4జీకి జారిపోతుంది. అప్పటి నుంచి రోజు కోటా కరగడం మొదలవుతుంది. జారిన సంగతి తెర పైమూల ఉన్న చిన్న అంకె తప్ప ఎవరూ చెప్పరు. 5జీ టవర్లు దండిగా ఉన్న హైదరాబాద్‌లోని కస్టమర్, సిగ్నల్ వచ్చిపోయే మారుమూల మండలంలోని కస్టమర్ ఒకే రీఛార్జ్‌కు ఒకే డబ్బు కడుతున్నా, వాళ్లు కొంటున్నది ఒకే సరుకు కాదు. ఈ తేడాను ప్రకటనలో ధర పక్కనే, చదవగలిగే అక్షరాల్లో వేయమని ట్రాయ్ ఆదేశిస్తే కంపెనీలకు అయ్యే ఖర్చు ఒక వాక్యం.